నాన్న మూడు దిండ్లు వేసుకుని పడుకుంటున్నారు, ఇది గ్యాసేనా?

గాజువాక_కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నాన్న గురించి అడగాలి. వయసు 67. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. పదిహేనేళ్లుగా బీపీ, షుగర్ కూడా ఉంది. ఆరేళ్ల కిందట హార్ట్ ఎటాక్ వస్తే ఒక స్టెంట్ వేశారు. ఆ తర్వాత బాగానే తిరుగుతున్నారు.

రెండు నెలల నుంచి ఏదో తేడాగా ఉంది. గుండెల్లో నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు, అందుకే మేమూ పట్టించుకోలేదు. ముందు ఒక దిండు వేసుకునేవారు. తర్వాత రెండు. ఇప్పుడు మూడు. నిన్న రాత్రి ఒంటిగంటకి నాకు మెలకువ వచ్చి చూస్తే మంచం మీద లేరు. వరండాలో కుర్చీలో కూర్చుని, గ్రిల్ పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నారు. ఏమైంది నాన్నా అంటే, "ఏం లేదురా, గ్యాస్ పైకి తన్నుతోంది, నువ్వెళ్లి పడుకో" అన్నారు.

రాత్రిళ్లు పొడిదగ్గు ఉంది. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌లో రెండుసార్లు దగ్గు మందు రాసిచ్చారు, తగ్గలేదు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటున్నారు. తిండి తగ్గింది, కానీ ప్యాంటు మాత్రం నడుం దగ్గర పట్టడం లేదు. అమ్మేమో వయసు మీద పడింది అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

---

సీతమ్మధార_అక్క | ఆదివారం, రాత్రి 11:05

బాబూ, చదువుతుంటే మా అత్తయ్యగారే గుర్తొచ్చారు. ఆవిడకి మొదలైంది ముగ్గు దగ్గర. రోజూ తెల్లవారుజామున వాకిట్లో పెద్ద ముగ్గు వేసే మనిషి, వంగితే ఊపిరి ఆడటం లేదమ్మా అని నా చేతికి ముగ్గు డబ్బా ఇచ్చేశారు. అది మే నెల. మన వైజాగ్ ఉక్కపోత తెలిసిందే కదా, ఉక్కకి ఎవరికైనా ఆయాసమే అనుకున్నాం. తర్వాత కాలి మెట్టెలు బిగిసిపోయి కంసాలి దగ్గర కోయించాల్సి వచ్చింది. దానికీ వయసే కారణం అనుకున్నాం. ఇలా మూడు నెలలు పోయాయి.

చివరికి ఒక రాత్రి ఊపిరితిత్తుల నిండా నీరు చేరి ఐసీయూలో పెట్టారు. ఆవిడ బతికారు, దేవుడి దయ. కానీ ఆ ముగ్గు డబ్బా నా చేతికి ఇచ్చిన రోజే నేను అడగాల్సింది అని ఇప్పటికీ బాధ. మీరు ఆగొద్దు.

---

మద్దిలపాలెం_డాక్టర్ | ఆదివారం, రాత్రి 11:14

నేను జనరల్ ఫిజీషియన్‌ని. ఇక్కడ రాసేది మీ నాన్నగారిని చూసిన డాక్టరు మాటకి బదులు కాదు, కానీ మీరు రాసిన దాంట్లో కంగారు పడాల్సినవి ఉన్నాయి.

పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే తగ్గడం అనేది గ్యాస్ లక్షణం కంటే గుండె లక్షణం అయ్యే అవకాశం చాలా ఎక్కువ. కారణం చెబుతాను. గుండె పంపు బలహీనపడితే రక్తం వెనక్కి నిలిచిపోతుంది, పగలంతా ఆ నీరు బరువుకి కాళ్లలోకి దిగుతుంది. రాత్రి పడుకోగానే కాళ్లలోని నీరు మళ్లీ రక్తంలో కలిసి గుండెకి చేరుతుంది. ఆ అదనపు భారం మోయలేక గుండె చేతులెత్తేస్తుంది, నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. అందుకే నిద్రపట్టిన ఒకటి రెండు గంటలకి ఎవరో పీక నొక్కినట్టు లేచి కూర్చుంటారు. రాత్రి దగ్గు కూడా అందుకే. ఆ దగ్గుకి సిరప్ ఏం చేస్తుంది?

నాలుగు ముద్దలకే కడుపు నిండటం, నడుం దగ్గర ప్యాంటు బిగియడం కూడా ఇందులో భాగమే. కాలేయం, పేగులు నీటితో ఉబ్బుతాయి. కడుపు ఉబ్బరంగా ఉంటుంది కాబట్టి రోగి నిజాయితీగానే గ్యాస్ అంటాడు.

ఇప్పుడే రెండు పనులు చేయండి. మోకాలికి, చీలమండకి మధ్య ముందువైపు ఎముక మీద బొటనవేలితో ఒక పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. గుంట పడుతుందేమో చూడండి. కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే వేలికి పెట్టి అంకె చెప్పండి.

---

గాజువాక_కుర్రాడు | ఆదివారం, రాత్రి 11:31

సార్, చూశాను. నాన్న వద్దురా అంటూనే కాలు చాపారు. చర్మం బిగిసి నున్నగా మెరుస్తోంది, సాక్స్ ఎలాస్టిక్ అచ్చు చుట్టూ గాడిలా పడి ఉంది. నొక్కి వదిలితే నా బొటనవేలు సగం గోరు దాకా దిగినంత గుంట పడింది. పిండి ముద్దలో వేలు పెట్టినట్టే ఉంది. నిమిషం దాటినా గుంట పూడలేదు. రెండు కాళ్లకీ అంతే.

ఆక్సీమీటర్ 91, 92 మధ్య తిరుగుతోంది. పల్స్ 112. కూర్చునే ఉన్నారు, మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగుతున్నారు.

---

మద్దిలపాలెం_డాక్టర్ | ఆదివారం, రాత్రి 11:33

రేపటి దాకా ఆగకండి. ఇప్పుడే బయల్దేరండి, 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకెళ్లండి, కాళ్లు కిందికి వేలాడనివ్వండి. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని మాత్రం వెళ్లొద్దు. వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకోండి, పాత ఈసీజీ, స్టెంట్ వేసినప్పటి కాగితాలు కూడా. దారిలో నీళ్లు, సోడా తాగించకండి.

---

గాజువాక_కుర్రాడు | ఆదివారం, రాత్రి 11:36

ఫోన్ చేశాను. వస్తోంది.

---

గోపాలపట్నం_వాసి | సోమవారం, ఉదయం 6:20

దేవుడు మేలు చేయాలి. అయితే డాక్టరు గారూ, ఒక మాట. కాళ్ల వాపు అంటే కిడ్నీ కదా? మా బావగారికి కాళ్లు పొంగితే కిడ్నీ అని తేలింది. ఇది చదివి కాళ్లు వాచిన ప్రతివాళ్లూ గుండె అనుకుంటే భయంతో సగం చస్తారు.

---

మద్దిలపాలెం_డాక్టర్ | సోమవారం, ఉదయం 7:02

మీరన్నది నిజమే. కాళ్ల వాపు ఒక్కటే ఉంటే గుండె అని తేల్చలేం. కిడ్నీ, కాలేయం, థైరాయిడ్, రక్తంలో ప్రొటీన్ తగ్గడం, సిరల్లో వాల్వులు పాడవడం, గంటల తరబడి నిలబడే ఉద్యోగం, ఇవన్నీ కారణాలే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రతో కూడా కొందరికి చీలమండలు వాస్తాయి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, దానికీ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

నేను నిన్న భయపడింది కాళ్లని చూసి కాదు. వాపు, పడుకుంటే ఆయాసం, రాత్రి దగ్గు, పాత హార్ట్ ఎటాక్, తిండి తగ్గినా నడుం దగ్గర ప్యాంటు బిగియడం, ఇన్నీ ఒకే మనిషిలో కనిపించాయి. మాట పూర్తి చేయలేని ఆయాసం, పెదాలు నీలంగా మారడం, చల్లటి చెమటలు, గులాబీ రంగు నురగ కళ్లె, స్పృహ తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా వాటి కోసం లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

---

గాజువాక_కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి దండం. నాన్న ఐసీయూలో ఉన్నారు, కానీ నిలకడగా ఉన్నారు. హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు. ఆ మాట వినగానే అమ్మ అక్కడే కుర్చీలో కూలబడిపోయింది, గుండె ఆగిపోయిందనుకుంది. డ్యూటీ డాక్టరు వచ్చి, ఆగిపోవడం కాదమ్మా, కావాల్సినంత పంపు చేయలేకపోవడం అని నిదానంగా చెప్పారు.

టూడీ ఎకో అని గుండె స్కాన్ తీశారు, అందులో గుండె ఎంత పంపు చేస్తోందో చెప్పే ఈఎఫ్ 30 అని వచ్చింది. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అని గుండె మీద భారం చూపే ఏదో రక్త పరీక్ష, 4,800 ఉంది, చాలా ఎక్కువట. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింది భాగం తెల్లగా కనిపించింది. నీరు దిగడానికి ఇంజెక్షన్లు ఇస్తున్నారు. రెండు రోజుల్లో నాలుగు కిలోల బరువు తగ్గారు. అంటే నాలుగు లీటర్ల నీళ్లు ఒంట్లో పెట్టుకుని తిరిగారన్న మాట, మేమేమో కొంచెం ఒళ్లు చేశారు అనుకున్నాం.

---

ఉక్కునగరం_రిటైర్డ్ | మంగళవారం, రాత్రి 9:48

గండం గడిచింది బాబూ, ధైర్యంగా ఉండండి. డాక్టరు గారూ, నా సందేహం వేరు. నాకు ఆయాసం, కాళ్ల వాపు రెండూ ఉన్నాయి. ఎకోలో ఈఎఫ్ 60 వచ్చింది. అయినా కార్డియాలజిస్టు హార్ట్ ఫెయిల్యూర్ అని రాశారు. ఈఎఫ్ బాగుంటే ఫెయిల్యూర్ ఎలా అవుతుంది?

---

మద్దిలపాలెం_డాక్టర్ | మంగళవారం, రాత్రి 10:20

మంచి ప్రశ్న. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకి నూటికి ఎంత బయటికి వెళ్తుందో చెప్పేది ఈఎఫ్. నూటికి నూరు ఎవరికీ ఉండదు, సుమారు 55 నుంచి 70 ఉంటే మామూలే. 40, అంతకంటే తక్కువ అయితే పంపు బలహీనపడిన రకం. 41 నుంచి 49 మధ్యస్థం.

మీది ఇంకో రకం. 50, ఆ పైన ఉన్నా ఫెయిల్యూర్ రావచ్చు. ఏళ్ల తరబడి బీపీ, షుగర్, స్థూలకాయం ఉంటే గుండె గోడ మందమై బిగుసుకుపోతుంది. పిండటం బాగానే పిండుతుంది, కానీ వదులై నిండటం చేతకాదు. నిండాల్సిన రక్తం వెనక్కి ఊపిరితిత్తుల వైపు నిలుస్తుంది. ఈ రకం పెద్దవయసు ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం. ఎకో నార్మల్ అన్నారు కదా అని ఆయాసంతోనే సంవత్సరాలు నెట్టుకొచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల బాధ నిజం, రిపోర్టులో ఒక్క అంకె చూసి కొట్టిపారేయకూడదు.

---

కంచరపాలెం_చెల్లి | బుధవారం, మధ్యాహ్నం 2:10

నేను మామూలుగా చదివి వెళ్లిపోతాను, ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను. అందరూ పెద్దవాళ్ల గురించి రాస్తున్నారు. మా అక్కకి 27 ఏళ్లు. మొదటి కాన్పు, బాబు పుట్టిన మూడో వారం నుంచి ఆయాసం. పక్క మీద పడుకోలేకపోయేది, కూర్చునే పాలిచ్చేది. కాళ్లు, ముఖం వాచాయి. బాలింత ఒళ్లు, నీరు పడుతుంది అని అందరూ అన్నారు. నిద్ర లేకపోతే ఆయాసమే మరి అని కూడా అన్నారు. నీళ్లు తక్కువ తాగించి కారప్పొడి అన్నం పెట్టారు.

అక్క నాతో, "చెల్లీ, పడుకుంటే నీళ్లలో మునిగిపోతున్నట్టు ఉందే" అంది. ఆ మాటకి భయమేసి నేనే ఆటో పిలిచాను. ఈఎఫ్ 25. కాన్పు వల్ల వచ్చే గుండె కండరం జబ్బు అన్నారు. ఎనిమిది నెలలు మందులు వాడితే ఇప్పుడు 50కి వచ్చింది. మళ్లీ గర్భం వద్దని, అడగకుండా ఆలోచన కూడా చేయొద్దని గట్టిగా చెప్పారు. దయచేసి బాలింతలు ఆయాసం అంటే వినండి.

---

మద్దిలపాలెం_డాక్టర్ | బుధవారం, రాత్రి 8:30

అమ్మా, మీ అక్కని మీరే కాపాడుకున్నారు. దాన్ని పెరీపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. గర్భం చివరి నెల నుంచి కాన్పయిన ఐదు నెలల లోపు ఎక్కువగా బయటపడుతుంది. గర్భిణులకి కాళ్ల వాపు, అలసట మామూలుగానే ఉంటాయి కాబట్టి దీన్ని పోల్చుకోవడం కష్టం. కానీ వెల్లకిలా పడుకోలేకపోవడం, రాత్రి ఊపిరాడక లేవడం బాలింతలకి మామూలు కాదు. వయసు చూసి గుండె కాదులే అనుకోవద్దు. కొందరికి వైరల్ జ్వరం తర్వాత గుండె కండరం వాచి ఇలా అవుతుంది, కొందరికి మద్యం వల్ల, కొన్ని రకాల కేన్సర్ మందుల వల్ల అవుతుంది. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వు దెబ్బతిన్నవాళ్లు మన ఉత్తరాంధ్రలో ఇప్పటికీ కనిపిస్తారు.

---

వార్డు_సిస్టర్ | గురువారం, ఉదయం 5:40

నైట్ డ్యూటీ అయిపోతోంది, వెళ్లేముందు రాస్తున్నాను. కార్డియాలజీ వార్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. డిశ్చార్జ్ అయి వెళ్లినవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ అదే మంచం మీదకి రావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకని గాజువాక తమ్ముడికి రెండు మూడు విషయాలు.

ఇంటికెళ్లాక మొదట కొనాల్సింది బరువు చూసే మిషన్. పొద్దున లేవగానే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్ తినకముందు, ఒకే రకం బట్టలతో చూడాలి. మిషన్ గచ్చు మీద కదలకుండా ఉండాలి. క్యాలెండర్‌లో ఆ తారీఖు గడిలోనే రాసేయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం రాకముందే బరువు చెప్పేస్తుంది. ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

ఇక ఉప్పు. కూరలో తగ్గించామండీ అంటారు అందరూ. కూరలో ఉప్పు కంటే కంచం పక్కన పెట్టుకునేదే ఎక్కువ. ఆవకాయ, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు, కారప్పూస. పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన ఎండు చేపలు. ఎండు మెత్తళ్లు కడిగి వండాం కదా అంటారు, ఉప్పు లోపలికి దిగిపోయి ఉంటుంది. ఆరోగ్యవంతులకే రోజుకి 5 గ్రాముల లోపు అని డబ్ల్యూహెచ్‌వో చెప్పింది, అంటే ఒక టీ స్పూను. గ్యాస్‌కి తాగే నురగ పొడుల్లో కూడా సోడియం ఉంటుంది. గ్యాస్ అనుకుని అవి రోజూ తాగేవాళ్లని చూశాను, నీరు ఇంకా పెరుగుతుంది.

సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని అమ్ముతారు, దాన్ని అడగకుండా వాడొద్దు. అందులో పొటాషియం ఉంటుంది. గుండెకి ఇచ్చే కొన్ని మాత్రలతో కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

---

ఎంవీపీ_కాలనీ_65 | గురువారం, ఉదయం 8:15

సిస్టర్ గారూ, మీరు చెప్పిన మళ్లీ వచ్చే మనిషిని నేనే. పోయిన సంక్రాంతికి శ్రీకాకుళం బస్సులో వెళ్లాల్సి ఉండి, మాటిమాటికీ బాత్రూమ్ అవుతుందని నీటి మాత్ర నాలుగు రోజులు మానేశాను. ఊళ్లో అరిసెలు, జంతికలు. మోకాళ్లు పీకుతుంటే మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చి వేసుకున్నాను. ఆరో రోజు రాత్రి అక్కడి నుంచి అంబులెన్స్‌లోనే వైజాగ్ వచ్చాను. మాత్ర మానేస్తే వాపు వస్తుందని తెలుసు, నొప్పి మాత్రతో నీరు చేరుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

---

మద్దిలపాలెం_డాక్టర్ | గురువారం, మధ్యాహ్నం 1:40

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ మీద పనిచేసి ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలిపేస్తాయి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు షాపులో నొప్పి మాత్ర అడిగేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. షుగర్ మాత్రల్లో పయోగ్లిటజోన్ కూడా వీళ్లకి సరిపడదు. ప్రయాణం ఉన్న రోజు నీటి మాత్ర ఏ వేళకి మార్చుకోవాలో డాక్టరుని అడిగితే చెబుతారు, మానేయాల్సిన పని లేదు.

నీటి మాత్ర ఉపశమనం ఇస్తుంది. ఈఎఫ్ తగ్గినవాళ్ల ఆయుష్షు పెంచేవి మాత్రం వేరే నాలుగు రకాల మందులు. అవి మొదట చిన్న మోతాదులో మొదలుపెట్టి వారాల మీద పెంచుతారు. కాస్త తేలికపడగానే వాటిని మానేసేవాళ్లు చాలామంది. ఖర్చు భారమైతే మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో కార్డియాలజీ ఓపీ ఉంది, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వచ్చేవాళ్లు ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని కలిసి తమ చికిత్స అందులోకి వస్తుందేమో అడగండి.

---

గాజువాక_కుర్రాడు | తర్వాతి వారం సోమవారం, రాత్రి 9:30

నాన్న ఇంటికొచ్చారు. మొత్తం ఏడు కిలోలు దిగారు. ఇవాళ పొద్దున మిషన్ మీద 68.4. ఒక్క దిండుతో పడుకుంటున్నారు. అమ్మ ఇంకా రాత్రి రెండుసార్లు లేచి మంచం వైపు చూస్తోంది.

ఒక సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. నాన్న ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు పూర్తి చేసి గానీ ఆగేవారు కాదు. స్టెంట్ వేశాక కూడా, డాక్టరుని అడిగి, మూడేళ్లు చేశారు. కిందటిసారి హనుమంతవాక వచ్చేసరికి రోడ్డు పక్క అరుగు మీద కూర్చుండిపోయారు. "ఈ ఏటికి ఇక్కడి నుంచే దండం పెట్టుకుంటాను రా" అని, నా భుజం పట్టుకుని ఆటో ఎక్కారు. నేను చెప్పులు కరిచాయేమో అనుకున్నాను. దారంతా ఫోన్ చూసుకుంటూ వచ్చాను. దిండ్ల కంటే అది ఎన్ని నెలల ముందు!

---

సీతమ్మధార_అక్క | సోమవారం, రాత్రి 9:41

బాబూ, నా ముగ్గు డబ్బా, నీ హనుమంతవాక అరుగు ఒకటే. నీకప్పుడు తెలియదు. నాన్నగారు ఇంట్లో ఉన్నారు, అది చాలు. కూర్చుని కబుర్లు చెప్పు ఆయనకి.

---

పెందుర్తి_టీచర్ | బుధవారం, రాత్రి 10:05

ఈ చర్చంతా చదివి మా అమ్మ కాలు నొక్కి చూశాను. 61 ఏళ్లు, బీపీ ఉంది. రెండు చీలమండల దగ్గరా చిన్న గుంట పడింది, సాయంత్రానికి ఎక్కువవుతోంది. ఆయాసం లేదు, ఒక్క దిండుతోనే పడుకుంటుంది, మేడ మెట్లు ఎక్కుతుంది. వాపు వల్ల పట్టీలు తీసి బీరువాలో పెట్టేసింది, నాకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఆమ్లోడిపిన్ 10 వాడుతోంది. మానేయమని చెప్పనా?

---

మద్దిలపాలెం_డాక్టర్ | బుధవారం, రాత్రి 10:18

మీ అంతట మీరు మానిపించకండి, బీపీ ఎగబాకితే గుండెకి అదే పెద్ద దెబ్బ. మాత్ర వల్ల కావచ్చు, కానీ అనుకుని వదిలేయొద్దు. ఈ వారంలోనే చూపించండి. ఈసీజీ, ఎకో, కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష సరిపోతాయి. ఈలోగా పడుకుంటే ఆయాసం మొదలైతే ఆ రాత్రే వెళ్లండి.

---

పెందుర్తి_టీచర్ | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20

ఎకో, రక్త పరీక్షలు, కిడ్నీ అన్నీ బాగున్నాయి. మాత్ర మార్చారు, బీపీ అదుపులోనే ఉంది. వాపు దిగడానికి రెండు వారాలకి పైనే పట్టింది. నిన్న అమ్మ బీరువా తీసి పట్టీలు పెట్టుకుంది.